అర్థమైంది సార్!

మన కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో పిల్లల నోటికి రెండే పనులు మంజూరయ్యాయి. పాఠం ముగిశాక ముక్తకంఠంతో "అర్థమైంది సార్" అనడం ఒకటి, స్టడీ అవర్లో మూసుకోవడం రెండోది. మూడో పని ఒకటుంది. లెక్క ముందేసుకుని "ఇదెందుకిలా వచ్చింది? పై లైనులోంచి ఈ లైను ఎలా దిగింది? ఈ మైనస్ గుర్తు ఎక్కణ్ణుంచి ఊడిపడింది?" అని తనలో తాను గొణుక్కోవడం. అది మాత్రం నేరం. ఫ్లోర్ ఇన్‌చార్జి కంటపడిందా, "ఏరా, ఎవరితో మాటలు?" అంటూ మీదికొస్తాడు. "ఎవరితోనూ కాదు సార్, నాతోనే" అని నిజం చెబితే కేసు మరింత ముదురుతుంది. పక్కవాడితో మాట్లాడినవాణ్ణి బయట నిలబెడితే సరిపోతుంది. తనతో తాను మాట్లాడుకునేవాడికి తల్లిదండ్రుల్ని పిలిపించాల్సిందే.

ఇన్‌చార్జిని తప్పుపట్టను. నిశ్శబ్దానికి కాపలా కాయడమే ఆయన కొలువు. అరవై మంది పిల్లలు, అరవై తెరిచిన పుస్తకాలు, ఒక్క చప్పుడు లేదు. కిటికీ అవతల నిలబడి చూసే తండ్రికి ఆ దృశ్యం లక్షలు పోసి కొనదగ్గదిగానే కనిపిస్తుంది. అరవై బుర్రల్లో ఏం జరుగుతోందో కిటికీలోంచి కనబడదు కదా. కనబడకపోవడమే ఈ వ్యాపారానికి పెట్టుబడి.

ఈ గొణుగుడు సంగతేమిటో తేల్చాలని అమెరికాలో మిషెలీన్ చీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పూనుకున్నారు. ఆమె బృందం 1989లో ప్రచురించిన పరిశోధన ఇది. కొద్దిమంది విద్యార్థులకు న్యూటన్ సూత్రాల మీద చేసి చూపించిన లెక్కలిచ్చి, చదువుతున్నంతసేపూ మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెప్పమన్నారు. ఆ తర్వాత కొత్త లెక్కలిచ్చారు. కొత్తవి బాగా చేసినవాళ్లెవరయ్యా అంటే, పాతవి చదివేటప్పుడు తమకు తాము ఎక్కువగా వివరించుకున్నవాళ్లు. పుస్తకం చెప్పకుండా దాటేసిన కారణాన్ని వాళ్లే వెతికి పూరించుకున్నారు. "ఈ బలం గీతను ఇటే ఎందుకు గీశారు? ఓహో, తాడు ఇటు లాగుతోంది కాబట్టి" అనుకున్నారు. మిగతావాళ్లు పుస్తకంలోని వాక్యాన్నే అటు తిప్పి ఇటు తిప్పి అనుకుని పేజీ తిప్పేశారు.

దీనికి తోడు ఇంకో సంగతి బయటపడింది. చదివేటప్పుడు "ఇది నాకర్థం కాలేదే" అని మాటిమాటికీ అన్నది ఆ లెక్కలు బాగా చేసినవాళ్లే! చివరికి లెక్కలు చేయలేకపోయినవాళ్లు మాత్రం అంతా అర్థమవుతున్నట్టే అనుకుంటూ పోయారు.

ఇప్పుడు మన క్లాసుకు రండి. లెక్చరర్ గారు బోర్డు నింపి, చేతికంటిన సుద్ద దులుపుకుని, "అర్థమైందా?" అంటారు. "అర్థమైంది సార్!" కప్పు ఎగిరిపోతుంది. చీ గారి కొలబద్దతో చూస్తే ఆ కేకలో ఎంత బలముంటే అంత భయపడాలి. మనం మాత్రం దాన్ని ఫలితంగా నమోదు చేసుకుని తర్వాతి చాప్టర్లోకి దూకుతాం. పొరపాటున ఒకడు "కాలేదు సార్" అంటే గదంతా వాడివైపు తిరిగి చూస్తుంది, దొంగ దొరికాడన్నట్టు. సార్ కూడా వాచీ చూసుకుంటారు. "డౌట్ అవర్లో రా" అంటారు. డౌట్ అవర్లో ఆయనకు వేరే బ్రాంచిలో క్లాసుంటుంది.

ఏదో ఊరికే గొణిగితే ఏం ఒరుగుతుందనే పెద్దల కోసం ఒక చిన్న లెక్క. వాలుబల్ల మీద దిమ్మె ఉంది. బల్ల ఆ దిమ్మెను ఎంత బలంతో నెడుతోంది? జవాబు ఎంజీ కాస్ తీటా. మన దగ్గర ఇది రెండు సెకన్ల పని. "వాలుబల్ల వస్తే నార్మల్‌కి కాస్, జారేదానికి సైన్. అండర్‌లైన్ చేసుకోండి." చేసుకున్నారు. అయిపోయింది. ఇక పేపరు కూర్చినాయన ఓ పూట చిలిపిగా కోణాన్ని నేలతో కాకుండా నిట్టనిలువు గీతతో కొలిచి ఇచ్చాడంటే, బ్యాచికి బ్యాచే బోల్తా పడుతుంది. బయటికొచ్చి "అవుటాఫ్ సిలబస్" అంటుంది.

గొణిగే పిల్ల ఏం చేస్తుందో వినండి. "ఎంజీ మొత్తం ఎందుకు రాదు? బరువేమో తిన్నగా కిందికి లాగుతోంది. బల్ల మాత్రం ఏటవాలుగా ఉంది. అది నెట్టేది తనకు లంబంగా. సరే, బల్లను పూర్తిగా నేలమీద పడుకోబెడితే? కోణం సున్నా. బరువంతా బల్లమీదే కాబట్టి ఎంజీ రావాలి. కాస్ సున్నా అంటే ఒకటి. వచ్చింది. మరి గోడలా నిలబెట్టేస్తే? కోణం తొంభై. దిమ్మె బల్లను ఒత్తనే ఒత్తదు, కింద పడిపోతుంది. అంటే నెట్టుడు సున్నా. కాస్ తొంభై సున్నా. వచ్చింది! సైన్ పెడితే రెండూ తిరగబడేవి. అయితే కాసే." ఆ పిల్ల ఇక సూత్రాన్ని మరిచిపోయినా దిగుల్లేదు, మళ్లీ పుట్టించుకుంటుంది. కోణాన్ని ఎటు నుంచి కొలిచి ఇచ్చినా బెదరదు.

కానీ ఇందుకు ఐదు నిమిషాలు పట్టింది. ఆ ఐదు నిమిషాల్లో పక్క బెంచీవాడు డజను బిట్లు కొట్టి పారేశాడు. సాయంత్రం మైక్రో షెడ్యూల్ ముందేసుకుని చూస్తే వెనకబడింది ఎవరు? ఆ పిల్లే. పేరు పక్కన ఎర్ర ఇంకు ఆమెకే. రెండు వారాలు ఇలాగే జరిగితే సెక్షన్ మారుస్తారు. కింది సెక్షన్లో గొణగడానికి అసలు టైమే ఇవ్వరు, అక్కడ ఇంపార్టెంట్ క్వశ్చన్లు మాత్రమే ఉంటాయి.

ఇంట్లో మాత్రం పరిస్థితి గొప్పగా ఉందా? పిల్లవాడు పుస్తకం తెచ్చి తల్లి చేతిలో పెట్టి చేతులు కట్టుకుని అప్పజెబుతాడు. ఆవిడ వేలితో ఒక్కో మాట వెంటా పోతుంటుంది. "ఆగు, అక్కడ 'మరియు' వదిలేశావ్!" పిల్లవాడు పాపం, తనకు తెలిసిన మాటల్లో కిరణజన్య సంయోగక్రియ గురించి చక్కగా చెప్పాడే అనుకోండి, "పుస్తకంలో అలా లేదు నాన్నా, మళ్లీ చదువు" అంటుంది. "ఎన్నిసార్లు చదివావ్?" అన్నది మన ఇళ్లల్లో అసలు సిసలు పరీక్ష. "రెండుసార్లు." "ఇంకోసారి చదువు." మందు వేసినట్టు.

ఈ మందును కూడా చీ గారి బృందం పరీక్షించింది. 1994 నాటి సంగతి. ఎనిమిదో తరగతి పిల్లలకు రక్తప్రసరణ మీద నూటొక్క వాక్యాల పాఠం ఇచ్చారు. ఒక గుంపు దాన్ని రెండుసార్లు చదివింది, అచ్చం మన పిల్లల్లాగా. ఇంకో గుంపు ఒక్కసారే చదివింది, కానీ ఒక్కో వాక్యం దగ్గరా ఆగి "దీనర్థమేమిటి?" అని తనకు తాను చెప్పుకుంది. చెప్పుకున్నవాళ్లే ఎక్కువ నేర్చుకున్నారు. ప్రశ్నలు కష్టమైనకొద్దీ తేడా పెరిగింది. అందరికంటే ఎక్కువగా వివరించుకున్న పిల్లలు గుండె నుంచి ఊపిరితిత్తులకు, ఊపిరితిత్తుల నుంచి గుండెకు, అక్కడి నుంచి ఒంటికి రక్తం తిరిగే దారిని సరిగ్గా పట్టుకున్నారు. ఆ పిల్లలకు ఎవరూ కొత్తగా పాఠం చెప్పలేదు. మెటీరియల్ ఇవ్వలేదు. ఆగి చెప్పుకోమన్నారంతే. దానికి ఫీజు ఎంత వసూలు చేయాలో తెలియక కాబోలు, మన సంస్థలు ఈ విధానాన్ని ఇప్పటిదాకా ప్రవేశపెట్టలేదు.

మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఈ విషయంలో మహా అమాయకమైనవి. గణిత పుస్తకం మధ్యలో పెట్టె గీసి "ఆలోచించి, చర్చించి, రాయండి" అంటాయి. తెలుగు వాచకంలో "మీ సొంతమాటల్లో రాయండి" అంటాయి. గైడుల కంపెనీలు ఈ సవాలును సగౌరవంగా స్వీకరించాయి. పిల్లల సొంతమాటలను తామే రాసి, అచ్చువేసి, జూన్ నెల మొదటివారంలోనే బజారులో పెట్టాయి. ఇప్పుడు శ్రీకాకుళంలో పిల్ల సొంతమాటలూ ఆదిలాబాదులో పిల్లవాడి సొంతమాటలూ కామాలతో సహా ఒక్కటే. ఇంతటి భావసమైక్యతను భాషా ఉద్యమాలు కూడా సాధించలేకపోయాయి. పద్యం కంఠతా పట్టడంలో తప్పులేదు, పద్యాన్ని కట్టిందే నోటికి రావడానికి. కానీ తాత్పర్యాన్ని కూడా కంఠతా పట్టే ఘనత మాత్రం మనదే. పద్యాన్ని మనకు మనం ఎలా చెప్పుకున్నామో అదే తాత్పర్యం. దాన్ని పక్కవాడి నోట్సులోంచి ఎత్తి రాస్తే పదికి పది. సొంతంగా రాస్తే దిద్దే మాస్టారికి చదివే ఓపిక ఉండదు, అందుకని ఆరు.

భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ విజయవాడ రాలేదు. ఆ లోటు బ్రెజిల్ తీర్చింది. 1950ల మొదట్లో రియో డి జనీరోలో పాఠాలు చెప్పినప్పటి అనుభవాన్ని ఆయన తన పుస్తకంలో రాసుకున్నారు. కాంతి ధ్రువణం గురించి అడిగితే విద్యార్థులు నిర్వచనం గడగడా చెప్పేశారు. ఏ కోణంలో పరావర్తనం చెందితే ధ్రువణమవుతుందో కూడా చెప్పారు. సరే, కిటికీలోంచి ఆ సముద్రపు నీటిమీద మెరుపును చూడండి అనేసరికి తెల్లమొహాలు వేశారు. పుస్తకంలో పరావర్తనం చేసే ఆ వస్తువు ఎదురుగా ఉన్న నీళ్లేనని ఎవరికీ తోచలేదు. ఎవరూ దాన్ని తమకు తాము ఒక్కసారైనా చెప్పుకోలేదు మరి. చివరికి ఆయన అక్కడి పెద్దల సభలోనే, మీ దేశంలో సైన్సు చెప్పడం జరగడం లేదని మొహాన చెప్పేశారు. బ్రెజిల్‌వాళ్లు మర్యాదస్తులు, కూర్చుని విన్నారు. మన దగ్గరైతే మర్నాటి పేపరు మొదటి పేజీ నిండా ర్యాంకుల ఫొటోలు వేసి జవాబిచ్చేవాళ్లం.

ఇదంతా తెలియక జరుగుతోందని నేననుకోను. వివరించుకోవడంలో ఒక చిక్కుంది, అది వ్యాపారానికి పడదు. 2002లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన రోజెన్‌బ్లిట్, కీల్ అనే ఇద్దరు పరిశోధకులు జనాన్ని కూర్చోబెట్టి జిప్పు ఎలా పనిచేస్తుందో, టాయిలెట్ ఫ్లష్ ఎలా పనిచేస్తుందో మీకెంత బాగా తెలుసని అడిగారు. అందరూ ధీమాగా మార్కులు వేసుకున్నారు. అయితే మెట్టు మెట్టుగా వివరంగా రాయండి అన్నారు. రాయబోయేసరికి ధీమా జారిపోయింది, తమ మార్కులు తామే తగ్గించుకున్నారు. రోజూ వాడే జిప్పు దగ్గరే ఇలా ఉంటే, కోణీయ ద్రవ్యవేగం సంగతేమిటి? పిల్లలందరూ రోజుకో పావుగంట ఇలా తమకు తాము చెప్పుకోవడం మొదలుపెడితే, సాయంత్రానికి ప్రతి ఇంటికీ వెళ్లే వార్త ఒకటే: "నాన్నా, నాకు చాలా అర్థం కావట్లేదు." అర్థం కాలేదని తెలిసిన పిల్లవాడు నిజంగా నేర్చుకోవడం మొదలుపెట్టినట్టు లెక్క. కానీ ఆ తండ్రి మర్నాడు కాలేజీకి వచ్చి ఏమంటాడు? "ఇన్ని లక్షలు కట్టించుకుని అర్థం కాకుండా చెబుతారా?" అంటాడు. అందుకే అందరికీ క్షేమకరమైన ఏర్పాటు చేసుకున్నాం. సార్ అర్థమైందా అంటారు, పిల్లలు అర్థమైందంటారు, నాన్నగారు రెండో విడత ఫీజు కడతారు. ఎవరికీ నొప్పి లేదు, మార్చి దాకా.

చిత్రమేమిటంటే, ఈ ఏర్పాటులో ఫిజిక్స్ నిజంగా నేర్చుకుంటున్నవాడు ఒకడున్నాడు. లెక్చరర్. పొద్దున్నుంచి ఐదు సెక్షన్లకు అదే పాఠాన్ని వివరించి వివరించి, నాలుగో సెక్షన్‌కు వచ్చేసరికి తనకే కొత్త సంగతి తట్టి ఓ క్షణం ఆగుతాడు. కాలేజీ మొత్తంలో నోరు తెరిచి వివరించేది ఆయనొక్కడే కాబట్టి, అర్థమయ్యేదీ ఆయనొక్కడికే. ఫీజు మాత్రం పిల్లలు కడుతున్నారు.

న్యాయంగా ఒకమాట చెప్పాలి. బట్టీ అంతా పాపం కాదు. ఎక్కాలు నోటికి రావాల్సిందే, ఏడెనిమిదులు ఎంతని ప్రతిసారీ ఆత్మవిచారం చేసుకుంటూ కూర్చోలేం. చెప్పుకోవడానికైనా బుర్రలో ముందు నాలుగు ముక్కలు ఉండాలి. వివరించుకోవడం సర్వరోగ నివారిణి కూడా కాదు. డన్‌లాస్కీ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 2013లో పది చదువు పద్ధతులను తూకం వేస్తే, తనకు తాను వివరించుకోవడం మధ్యస్థంగా నిలిచింది. పై మెట్టు మీద నిలిచినవి తనను తాను పరీక్షించుకోవడం, చదువును రోజుల మీద విడదీసి చదవడం. అడుగున పడినవి మన అభిమాన విద్యలు: మళ్లీ చదవడం, రంగు పెన్నులతో గీతలు గీయడం. కాబట్టి మన కాలేజీల వీకెండ్ టెస్టు మంచి ఆయుధమే, ఒప్పుకుంటాను. ఆ ఆయుధాన్ని మనం ఎలా వాడుతున్నామన్నదే నా ఏడుపు. ఆదివారం పరీక్ష. ఆ రాత్రికే కీ గోడ మీద. తెల్లారేసరికి ర్యాంకుల జాబితా తల్లిదండ్రుల ఫోన్లలో. తప్పు రాసిన జవాబు ఎందుకు తప్పో, ఆ తప్పులోకి తన ఆలోచన ఎలా జారిందో పిల్లవాడు చెప్పుకునే గంట ఒకటి షెడ్యూల్లో ఉందా? సరైన జవాబు ఎందుకు సరైనదో, తప్పు జవాబు ఎందుకు తప్పో రెండూ వివరించిన పిల్లలు మరింత నేర్చుకుంటారని రాబర్ట్ సీగ్లర్ అనే పరిశోధకుడు చిన్నపిల్లల దగ్గరే చూపించారు. మన దగ్గర తప్పుకు నెగటివ్ మార్కు ఉంది. వివరణకు ఖాళీ లేదు.

ఇక ఈమధ్య యాప్‌లొచ్చాయి. పాఠాన్ని రెండింతల వేగంతో చూడొచ్చు. చాట్‌బాట్‌ను అడిగితే ఏ లెక్కకైనా ముచ్చటైన వివరణ రెండు క్షణాల్లో రాసిస్తుంది. పిల్లవాడు చదివి తలాడిస్తాడు. వివరణ ఇచ్చింది యంత్రం, కసరత్తు చేసింది యంత్రం, తల మాత్రం వాడిది. "అర్థమైంది సార్" అనడానికి ఎదురుగా సార్ కూడా అక్కర్లేదు.

పదిహేనేళ్లు నోరు నొక్కి పెంచిన ఈ పిల్లవాడు ఎలాగో ఇంజనీరింగ్ గట్టెక్కి మాదాపూర్‌లోనో డాలస్‌లోనో ఉద్యోగంలో చేరతాడు. మొదటివారంలోనే ప్రోగ్రాం మొరాయిస్తుంది. అప్పుడు సీనియర్ వచ్చి బల్లమీద రబ్బరు బాతు బొమ్మ పెట్టి, "నీ కోడ్ లైను లైనునూ దీనికి వివరించు, తప్పు ఎక్కడుందో నీకే తెలుస్తుంది" అంటాడు. ఇది జోకు కాదు. హంట్, థామస్ 1999లో రాసిన 'ద ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్' అనే పుస్తకం నుంచి ప్రోగ్రామర్ల లోకమంతా పాకిన పద్ధతి. బాతు ఏమీ చెప్పదు. వివరించేవాడికే నడుమ మాట తడబడుతుంది, తడబడిన చోటే తప్పుంటుంది. స్టడీ అవర్లో ఏ పనికి మనవాడు గోడ కుర్చీ వేశాడో, అదే పనికి ఇక్కడ జీతమిస్తారు. ఆ రోజు ఫ్లోర్ ఇన్‌చార్జి బదులు ఓ బాతు బొమ్మను కొనిపెట్టి ఉంటే కాలేజీకి ఒక జీతమైనా మిగిలేది.

పదో తరగతి ఫలితాలు రాకముందే మీ ఇంటికి పీఆర్వో వస్తాడు. చేతిలో నిగనిగలాడే బ్రోషరు, నోట్లో "ఒకటి, ఒకటి, రెండు, మూడు, ఐదు" అని ర్యాంకుల పాట. ఏసీ క్లాసులు, ఏసీ హాస్టలు, ఇన్ని గంటల కోచింగు, ఇన్ని గంటల స్టడీ అవర్లు అని లెక్క చెబుతాడు. చెప్పనివ్వండి, కాఫీ ఇవ్వండి. ఆ తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: "ఈ గంటలన్నింటిలో మా అమ్మాయి విన్నదాన్ని తనకు తాను చెప్పుకోవడానికి ఎంతసేపు ఇస్తారు? అర్థం కాలేదని చెబితే ఏం చేస్తారు?" ఆయన దీనికి జవాబు చెప్పేదాకా అడ్వాన్సు కట్టకండి.